నాయన కళ్ళు, మనవడి ఆకులు

నిన్న సాయంత్రం తిరుపతిలో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని, రెండో తరగతి చదివే మనవడి బొమ్మల పుస్తకం తిరగేస్తుంటే, మామిడిచెట్టు ఆకులన్నీ మట్టి రంగులో కనబడ్డాయి. ఎండిపోయిన చెట్టా అని అడిగాను. "పచ్చగానే వేసినాను గదవ్వా, సరిగ్గా సూడు," అన్నాడు వాడు. నాకు చప్పున మా నాయన గుర్తొచ్చాడు. రంగులు తప్పేస్తున్నాడని బళ్ళో టీచరు కూడా చెబుతోందనీ, వీడికి పరధ్యానం మరీ ఎక్కువైందనీ అంటూ మా అమ్మాయి వాడి నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది.

మా నాయన నగరిలో చీరలు నేసేవాడు. పనిలో ఆయన చేతికి తిరుగులేదని ఊరంతా అనేది గానీ, ఎరుపూ ఆకుపచ్చా ఆ కళ్ళకు ఒక్కలాగే ఉంటాయన్న సంగతి మా అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అమ్మ నూలు కండెలు చుట్టి, ఎర్రవి ఆయన కుడిచేతి బుట్టలో, పచ్చవి ఎడమచేతి బుట్టలో పెట్టేది. ఆ బుట్టల గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకోగా నేనెన్నడూ వినలేదు. ఇంటి గుట్టు పెరుమాళ్ళకెరుక. నాకు పదేళ్ళప్పుడు అమ్మ పుట్టింటికి వెళుతూ ఆ పని నాకు అప్పజెప్పింది. నేను ఆయనకు ఎదురుగా కూర్చుని నా కుడిచేతి వైపే ఎర్రవి పెట్టాను, అది ఆయనకు ఎడమవుతుందని తోచలేదు. ఎర్ర చీర నడుమ జానెడు పచ్చ దిగిపోయింది.

నూలిచ్చే షావుకారు వచ్చి చూసి, "కండ్లు యాడ పెట్టుకోని నేస్తా ఉండావప్పా?" అన్నాడు. నిజం తెలిస్తే మగ్గం పని పోయినట్టే. నాయన తల వంచుకుని, "తాగి కూసున్నాను సామీ, తప్పయిపోయినాది," అన్నాడు. జన్మలో కల్లు ముట్టని మనిషి! షావుకారు నాలుగు చీవాట్లు పెట్టి పని మాత్రం ఉంచాడు. తాగుబోతన్న పేరు ఆయనకు కడదాకా అతుక్కుంది, తప్పు చేసిన నేను తలుపు చాటున నిలబడి ఏడ్చాను.

తర్వాత నేను జీవశాస్త్రం టీచరునై, చిత్తూరు పిల్లలకు ఏళ్ళ తరబడి వంశపారంపర్యం పాఠం చెప్పాను. మనిషి కణంలో ఇరవైమూడు జతల క్రోమోజోములుంటాయనీ, వాటిలో మెలితిరిగిన నిచ్చెనలా డీఎన్ఏ ఉంటుందనీ, ఆ నిచ్చెనలో ఒక్కో పనికి రాసిపెట్టిన భాగమే జన్యువనీ చెప్పేదాన్ని. ఎరుపును పచ్చను వేరుగా చూపే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడపిల్లకు ఎక్స్‌లు రెండు గనుక ఒకటి చెడినా రెండోది ఆదుకుంటుంది. మగపిల్లవాడికి ఉండేది తల్లి ఇచ్చిన ఒక్కటే. తాత లోపం కూతురిలో కనబడకుండా దాగి మనవడిలో తేలవచ్చని బోర్డు మీద గీసేటప్పుడు, ఆ కూతుర్ని నేనే అని నాకు తెలుసు. అది నానుంచి మా అమ్మాయికి వచ్చి ఉండటానికి సగానికి సగం అవకాశం. దాని పెళ్ళి సంబంధాలప్పుడు చెబుదామనుకుని, ఎందుకొచ్చిన గొడవలే అని మింగేశాను.

రాత్రంతా కునుకు లేదు. పొద్దున కాఫీ తాగుతూ మా అమ్మాయికి మొత్తం చెప్పేశాను, ఊరిపిల్లలకు చెప్పి నాకెందుకు దాచావని అరుస్తుందేమోనని భయపడుతూనే. "ఇన్నేండ్లూ తాతను తాగుబోతనే అనుకుంటి గదమ్మా," అని, లేచి వెళ్ళి నిద్రపోతున్న కొడుకు నెత్తి నిమిరింది.

రేపు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రంగు చుక్కల పుస్తకం చూపించి పది నిమిషాల్లో తేల్చేస్తారట. ఆ చుక్కల్లో దాగిన అంకెలు వాడు చదవలేడనే నా అనుమానం. లోపం ఉందని తేలినా ఈ రోజుల్లో ఎవరూ వాణ్ణి పనికిరాడనరు, టీచరుకు ఒక మాట చెబితే సరిపోతుంది. కళ్ళను దాచుకోవడానికి తాగుబోతుననిపించుకోవలసిన కాలం పోయింది, మంచిదే. ఆ కాలంతో పాటు నాయనా పోయాడు. తప్పు నాదని ఆయన ముందు ఒక్కసారైనా ఒప్పుకోకుండానే ఇంత పెద్దదాన్నయ్యాను.