మూడో మెట్టు

అరబ్బు దేశంలో, ఘుబ్రాలో మేం ఆడుకునే ఖాళీ స్థలాలన్నీ ఒక్కొక్కటిగా బిల్డింగులవుతున్న రోజులవి. ప్రతి శుక్రవారం మా ఇంటికి భోజనానికి వచ్చే జగిత్యాల మేస్త్రీ మామ నన్ను దుకాణానికి తీసుకెళ్తూ, దారిలో కనబడిన గోడనల్లా అరచేత్తో తట్టేవాడు.

“గిది నేను కట్టిందే బిడ్డా!”

“మరి మా బిల్డింగ్?”

“గదా? ఎవలో వేరే కంపెనీ వోళ్లు.”

మా మెట్లలో మూడోది మిగతావాటికన్నా రెండు వేళ్లు ఎత్తు. కొత్తగా వచ్చినవాళ్లంతా అక్కడ తూలేవారు. “కట్టినవాడి చేతులు విరగ!” అని అమ్మ అన్నం వడ్డిస్తూ తిట్టేది. మామ తల వంచుకుని పప్పు కలుపుకునేవాడు.

నాకొకటే గుర్తు. మామ మా ఇంటికి మొట్టమొదటిసారి వచ్చిన రోజు, నాన్నతో మాట్లాడుతూ, కిందికి చూడకుండానే, ఆ మూడో మెట్టు దగ్గర కాలు ఇంకాస్త ఎత్తి వేశాడు.