తాతగారి శాక్సోఫోన్ మీట

ఒమాన్‌లో మత్రా బజారు వెనక సందులో నేను పనిచేసిన వాద్యాల దుకాణంలో గోడ నిండా తూర్పు జర్మనీ శాక్సోఫోన్లే వేలాడేవి. అన్నీ సర్కారు ఫ్యాక్టరీ సరుకు. అక్కడి ప్రభుత్వం వాద్యాలు చేసే కుటుంబాల కార్ఖానాలను లాక్కుని ఒకే ఫ్యాక్టరీలో కలిపేసింది. బయటి దేశాలకు పంపే వాటిమీద మాత్రం పాత యజమానుల పేర్లే చెక్కేది, ఆ పేర్లకే ధర పలుకుతుంది కనుక. ఇండియాలో మా జమీందారీ ఎస్టేటును తీసుకున్న ప్రభుత్వం కూడా దివాణం గేటు మీద మా ఇంటిపేరు అలాగే ఉంచి, లోపల తాలూకా ఆఫీసు పెట్టింది. ఆ సరుకు అమ్ముతుంటే నాకు ఒళ్లు మండేది.

నా దగ్గరున్నది వేరు. ఎస్టేటు పోయాక కూడా మా తాతగారు దివాణం బ్యాండుమేళాన్ని వదల్లేదు. జర్మనీలో ఒక నిపుణుడి సొంత కార్ఖానా నుంచి ఆ శాక్సోఫోన్ తెప్పించారు. దాని మరలు ఎవరూ విప్పకూడదు, పట్టుగుడ్డతో పైపైన తుడవాలి. అది మా ఇంటి కట్టడి. దుకాణం పైన రూమ్‌లో నా మంచం కింద ఉంచుకున్నాను.

బెర్లిన్ గోడ కూలింది, ఆ ప్రభుత్వం పోయింది, ఫ్యాక్టరీ మూతపడింది. కొన్నాళ్లకు దుకాణం యజమాని అయిన అర్బాబ్ స్నేహితుడొకడు, పెళ్లిళ్లలో వాయించే ఒమానీ, మా దగ్గర కొన్న శాక్సోఫోన్ మెడ మీది మీట విరిగిందని పట్టుకొచ్చాడు. మా మేనేజరు హైదరాబాదువాడు. నన్ను ఎగతాళికే దొరా అనేవాడు.

"దొరా, నీ తాత బాజా కిందికి తే. మీట తీసి దీనికి పెడ్దాం."

"మీ సరుకుకు మీరే మీట తెప్పించుకోండి."

"యాడికెల్లి తెప్పియ్యాలె? ఆ సర్కారే లేదాయె. అర్బాబ్ దోస్తు ఆయన. నీ వీసా అర్బాబ్ చేతులున్నది, యాదుంచుకో."

"సర్కారు సరుకుకు మా మీట సరిపోదు."

"సరిపోతదో లేదో సూడనియ్యి."

వాడి చేతికి ఇవ్వడం ఇష్టంలేక, సరిపోదని చూపించడానికే నేను మర విప్పాను. మీట లేచింది. దాని కింద, మా ఇంట్లో ఎవరూ చూడని చోట, పళ్లచక్రం ముద్ర ఉంది. గోడమీద వేలాడేవాటన్నిటికీ ఉన్న ఫ్యాక్టరీ ముద్రే అది. మేనేజరు మీటను లాక్కుని ఒమానీ శాక్సోఫోన్‌కు బిగించాడు. చక్కగా కూర్చుంది.

వాడు పకపకా నవ్వాడు. "మీ తాతది గూడ సర్కారు మాలే గద దొరా. ఇంకేంది నీ నఖరా?"

నేను మర విప్పి మీటను వెనక్కి తీసుకున్నాను.

"ఏంది, ఇయ్యవా?"

"ఇవ్వను."

"అదీ గదే ఫ్యాక్టరీదయ్యా."

"కావచ్చు. ఇది మా ఇంటిది."

ఆ వారంలోనే నన్ను ఎడారి వైపు ఇబ్రా ఊళ్లో అర్బాబ్‌కున్న సిమెంటు దుకాణానికి తోలేశారు. అక్కడ దుమ్ము ఎక్కువ. శాక్సోఫోన్‌ను రోజూ పట్టుగుడ్డతో పైపైనే తుడిచేవాణ్ని. మరలు మళ్లీ విప్పలేదు.