ఓబులయ్య తాతను జార్చిన సీటు కవరు

సీటు కవరు ఎంచుకోవడం కూడా ఒక పనేనా, దాని మీద ఇంత రాయాలా అని మీరు అనుకోవచ్చు. రాయాల్సిందే. నేను ఎంచుకున్న ఒకే ఒక్క సీటు కవరు వల్ల ఒక పెద్దమనిషి నడుము పట్టేసింది, ఒక బోరు లారీ దారి మార్చుకుంది, నన్ను చూస్తే దండం పెట్టాలో దుడ్డుకర్ర తీయాలో తెలియక మా ఊరు తికమక పడింది. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజు నా గొంతులో తడి లేదు. అసలు మా తోటలోనే తడి లేదు, గొడవంతా అదే గదా.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు కుదురు లేదు. అన్నం తినేటప్పుడు కూడా పళ్ళెం చేత్తో పట్టుకుని వాకిలి నుంచి వంటింటికి, వంటింటి నుంచి వాకిలికి తిరిగే రకం. ఇలాంటివాడికి ఇరవై మూడేళ్ళ వయసులో ఒక డర్ట్ బైక్ దొరికితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. గుంతకల్లులో ఒక రైల్వే ఉద్యోగి బదిలీ మీద పోతూ అమ్మేస్తుంటే తెచ్చుకున్నాను. ఎత్తుగా, బక్కగా, మేకపోతులా ఉండేది. రాళ్ళూ వంకలూ గట్లూ ఏవీ దానికి అడ్డు కావు.

లోపమల్లా సీటే. రెక్సిన్ చీలిపోయి, లోపలి స్పాంజి బయటికి వచ్చింది. దాన్ని మా ఇంటి కోళ్ళు తీరిక దొరికినప్పుడల్లా పొడుచుకుపోయాయి. మిగిలిన దాని మీద గోనెసంచి కప్పి నడిపేవాణ్ణి. నాకేం ఇబ్బంది లేదు, నేను కూర్చుంటే గదా! ఎప్పుడూ నిలబడే తోలేవాణ్ణి. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మిగతా కథంతా మీకు సులువుగా అర్థమవుతుంది.

ఒక రోజు మధ్యాహ్నం నాయన తోటలోంచి ఫోన్ చేశాడు.

"రే శీనా, రేపు పొద్దున బోరు లారీ వస్తాండాది. ఒక్క దినమే ఉంటాదంట. నీళ్ళ పాయింటు చూసేదానికి ఓబులయ్యను పిలుచుకోని రావల్ల. నువ్వే పోవల్ల. వంకలో దారి తెగిపోయినాది, ఆటో రాదు."

"దాన్దేముంది నాయనా, తెస్తా."

"ఏం తెస్తావురా? పెద్దాయన్ను ఆ ఇనుప కడ్డీ మీద కూసోబెట్టుకోని తెస్తావా? పో, ముందు అనంతపురం పోయి ఆ సీటు బాగ చేపించుకోని రా."

మాది బుక్కరాయసముద్రం దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. ఉన్నదంతా ఆ చీనీ తోటే, అంటే బత్తాయి తోట. పదేళ్ళ చెట్లు, ఆ ఏడు ఎండకు ఆకులు ముడుచుకుని, కాయలు గోలీల్లా గిడసబారాయి. ట్యాంకరు నీళ్ళతో ప్రాణం నిలుపుతున్నాం. అంతకు ముందు ఓబులయ్య తాత చేతిలో టెంకాయతో నడిచి చూపించిన మూడు చోట్ల బోరు వేస్తే మూడింట్లోనూ దుమ్మే లేచింది. మరి మళ్ళీ ఆయన్నే పిలవడం ఎందుకంటారా? మూడుసార్లు తప్పిన మనిషి నాలుగోసారైనా తప్పడులే అని మా నమ్మకం. ఈ నాలుగోదీ పోతే చెట్లు కొట్టేసి కట్టెలకు ఇచ్చేద్దామని నాయన రాత్రే అమ్మతో అన్నాడు. అని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అది విన్నాక నేను తెల్లారేదాకా వాకిట్లో తిరుగుతూనే ఉన్నాను.

కానీ మనిషికి ఎంత దిగులున్నా షోకు చావదు. అనంతపురంలో ఆటోలకు టాపులూ బళ్ళకు సీట్లూ కుట్టే మస్తాన్ అన్న అంగట్లో అడుగు పెట్టగానే బోరూ చీనీ చెట్లూ అన్నీ మరిచిపోయాను. గోడ నిండా రంగురంగుల రెక్సిన్ చుట్టలు! మస్తాన్ అన్న నల్లటి గరుకు రకం ఒకటి పరిచాడు.

"ఇది తీసుకో శీనా. పట్టు బాగుంటాది. మట్టిలో తోలే బండ్లకు ఇదే ఏసేది."

"ఇదేందన్నా, కాకరకాయ తోలు మాదిరి ఉండాది. చూసినోళ్ళు నవ్వుతారు."

"సీటు చూసేదానికి గాదప్పా, కూసునేదానికి."

"అది చూపీ. ఆ పైన, మెరుస్తాండేది."

అది వంకాయ రంగు. ఎండలోకి తీసుకుపోయి చూస్తే అందులో నా మొహం కనిపించింది. మీసం కూడా కనిపించింది. అంతే, పడిపోయాను.

"అది పెండ్లి మంటపాల్లో కుర్చీలకు ఏసేది," అన్నాడు మస్తాన్ అన్న. "నున్నగ ఉంటాది. జారతాది. నా మాట ఇను."

"నేను కూసుంటే గదా అన్నా జారేది! నిలబడి తోలేటోన్ని."

"నువ్వు నిలబడితే మరి సీటు ఎవురికి?"

న్యాయమైన ప్రశ్న. అంచుకు బంగారు రంగు తాడు కూడా పెట్టి కుట్టమన్నాను. ఆయన కుడుతున్నంత సేపూ అంగడిలోకీ రోడ్డు మీదకీ తిరుగుతూ, "అయిందా అన్నా?" అని అడుగుతూనే ఉన్నాను. చివరికి ఆయన మిషన్ ఆపేశాడు. "నువ్వు ఒక చోట నిలబడన్నా నిలబడు, లేకుంటే టీ తాగి రాపో. నిన్ను చూస్తాంటే నా కుట్టు వంకర పోతాండాది," అన్నాడు.

కొత్త స్పాంజి నిండుగా కూరేసరికి సీటు మధ్యలో ఉబ్బి ఎనుము వీపులా తయారైంది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఇంటికి వచ్చాక దాని మీద దారి దుమ్ము పడి మెరుపు తగ్గినట్టు అనిపించింది. టెంకాయ నూనె సీసా తెచ్చి, గుడ్డతో రాసి రాసి తుడిచాను.

"తలకు పెట్టుకునే నూనె సీటుకు పూస్తాండావే, నీకేమన్నా తిక్కనా?" అంది అమ్మ.

"చూడుమా ఎట్ల మెరుస్తాండాదో!"

"దాని మీద ఈగ వాలినా జారి పడతాది," అంది అమ్మ. ఆ మాటకు నేను నవ్వాను కూడా. సిగ్గులేని జన్మ.

మరుసటి రోజు పొద్దున్నే ఓబులయ్య తాత ఊరికి పోయాను. ఆయన తలస్నానం చేసి, గంజి పెట్టిన తెల్ల పంచె కట్టి, నుదుట విభూతి పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. దేవుడి ముందు టెంకాయకు పూజ చేసి అరచేతిలోకి తీసుకున్నాడు. ఆయన పద్ధతి అందరికీ తెలిసిందే. నీళ్ళున్న చోట అరచేతిలో పడుకున్న టెంకాయ లేచి నిలబడుతుంది. అది నిలబడేదాకా ఆయన టెంకాయను కింద పెట్టడు, పచ్చి నీళ్ళు ముట్టడు, అన్నిటికంటే ముఖ్యంగా, నోరు తెరవడు.

"ఇంగ నేను మాట్లాడను రా అబ్బోడా. పాయింటు దొరికినంకనే నోరు తెరిచేది," అని చెప్పి, రెండో చేతిలోకి వేపకొమ్మ తీసుకుని బండెక్కాడు.

ఒక చేతిలో టెంకాయ, ఒక చేతిలో కొమ్మ. కింద నూనె పూసిన వంకాయ రంగు సీటు. దాని మీద గంజి పంచె. ముందు, నిలబడి తోలే నేను. ఇన్ని అపాయాలు ఒకే బండి మీద చేరడం మా మండలంలో అదే మొదటిసారి అయి ఉంటుంది.

ఊరు దాటగానే వెనక నుంచి, "ఊఁ" అని వినిపించింది. సీటు మెత్తగా ఉందని మెచ్చుకుంటున్నాడని మురిసిపోయాను. రాళ్ళ దారి ఎక్కాక, "ఊఁ! ఊఁ!" అన్నాడు. ఆలస్యమవుతోందని తొందర పెడుతున్నాడేమో!

"అర్థమైంది తాతా, బిరబిర పోదాం!" అని యాక్సిలరేటరు ఇంకా గట్టిగా తిప్పాను.

వంకలో దిగి పైకి ఎక్కేటప్పుడు ఆయన మోకాళ్ళు నా నడుమును పట్టకారులా బిగించాయి. "ఊఁ ఊఁ ఊఁ ఊఁ!" పెద్దాయనకు వేగం బాగా నచ్చినట్టుందే అనుకున్నాను. దూరంగా మా తోటలో బోరు లారీ కనిపించింది. దాని పక్కన నాయన, అమ్మ, లారీ ఆపరేటరు మా కోసమే చూస్తూ నిలబడ్డారు. మనుషులు చూస్తుంటే నేను గట్టు ముందర బండిని నెమ్మది చేస్తానా? గట్టు ఎక్కించి ఎగిరించాను.

బండి గాల్లోకి లేచింది. కింద దిగాక భలే తేలిగ్గా పరిగెత్తింది. కొత్త సీటు మహిమ అనుకుని సంతోషపడ్డాను.

"అమ్మా! సచ్చినానే!"

వెనక్కి తిరిగి చూద్దును గదా, ఓబులయ్య తాత దుక్కిలో వెల్లకిలా పడి ఉన్నాడు. బండి పడేసి పరిగెత్తాను. అటు నుంచి నాయన కూడా పరిగెత్తుకు వచ్చాడు. కానీ ఆయన తాత దగ్గర ఆగలేదు. తాతను దాటి నాలుగడుగులు పోయి, కొయ్యబారినట్టు నిలబడిపోయాడు.

తాత చేతిలోంచి ఎగిరిన టెంకాయ రెండు మట్టిపెళ్ళల మధ్య ఇరుక్కుని, పిలక పైకి పెట్టుకుని నిటారుగా నిలబడి ఉంది.

"నిలబడినాది!" అని అరిచాడు నాయన.

"నోరు గూడా తెరిచినాడు!" అని అమ్మ రెండు చేతులూ జోడించింది. "పాయింటు దొరికినంకనే గదా ఆయన నోరు తెరిచేది!"

"రే... నా నడుము రా..." అంటున్నాడు తాత. ఎవరు వింటారు!

"లారీ ఈడికే తేవల్నా?" అని అడిగాడు ఆపరేటరు.

"ఈడికే! తే!"

తోటకున్న ఆఖరి బోరు నా షోకు తెచ్చిన చోట పడబోతోంది. తప్పు ఒప్పుకోవడం తప్ప దారి లేదు. నాయన చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను.

"నాయనా, అది పాయింటు గాదు. తాత జారి పడినాడు. సీటుకు నేను నూనె పూసినా. తప్పంతా నాదే. లారీ ఆపు."

నాయన నా వైపు చూశాడు. కళ్ళ కింద నల్లగా ఉంది, ఎన్నాళ్ళుగా నిద్ర లేదో. "నోరు మూసుకోరా," అన్నాడు మెల్లగా. "ఆయన నడిచి చూపించిన మూడూ దుమ్మే. పడి చూపించిండేది గూడా చూద్దాం."

ఆ మాట వింటే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపు కూడా వచ్చింది. ఆయన టెంకాయను నమ్మడం లేదు. నమ్మడానికి ఇంకేమీ మిగల్లేదు, అంతే.

తాతను చీనీ చెట్టు కింద చాప మీద పడుకోబెట్టాం. అమ్మ గుడ్డ వేడి చేసి నడుముకు కాపడం పెట్టింది. ఆమె అటు పోగానే ఆయన నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"అదేం సీటురా? పాము మీద కూసున్నట్టుండాది!"

"తప్పయిపోయింది తాతా. నిజం చెప్పు, నువ్వయితే యాడ చూపించేటోనివి?"

"ఆ తూర్పు పక్క వేపచెట్టు కాడ అనుకుంటి."

"మరి చెప్పు తాతా! ఇంగా మించిపోయింది లేదు."

ఆయన తల ఎత్తి నాయన వైపు చూశాడు. "ఇప్పుడు చెప్తే మీ నాయన దేన్ని నమ్మల్ల? వద్దులే. కానీయ్," అని కళ్ళు మూసుకున్నాడు.

బోరు మొదలైంది. ఇక చూసుకోండి నా అవస్థ. లారీ దగ్గరి నుంచి తాత దగ్గరికి, తాత దగ్గరి నుంచి గట్టు మీదకి, గట్టు మీది నుంచి మళ్ళీ లారీ దగ్గరికి. కడ్డీ వెనక కడ్డీ భూమిలోకి దిగుతోంది. తెల్లటి దుమ్ము లేచి చెట్ల మీదా మా మొహాల మీదా పిండిలా పడుతోంది. నాయన మాత్రం నిలబడిన చోటు నుంచి కదల్లేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది, దిగింది. ఆపరేటరు ఒకసారి నాయన వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నాయన, "ఇంగొక కడ్డీ," అన్నాడు. అది దిగింది. "ఇంగొకటి," అన్నాడు.

ఆ కడ్డీ సగం దిగాక దుమ్ము ఆగిపోయింది. శబ్దం మారింది. నల్లటి తడి రాతిపొడి వచ్చింది, తర్వాత బురద, ఆ తర్వాత ఒక్కసారిగా నీళ్ళు చిమ్మాయి.

ఒకటిన్నర ఇంచు నీళ్ళు. మా నేలలో అదే మహాసముద్రం. డ్రిప్పు పెట్టుకుంటే చెట్లు బతుకుతాయి. అమ్మ ఆ బురదనీళ్ళు దోసిట పట్టి మొహానికి పూసుకుంది. నాయన కింద కూలబడి నవ్వుతున్నాడు. నేను ఏడ్చాను, దాచుకోవడం దేనికి. మొహమంతా బురదే కాబట్టి ఎవరికీ కనబడలేదు.

ఇంతలో ఓబులయ్య తాత నడుము సంగతి మరిచిపోయి లేచి నడుస్తూ వచ్చాడు. నీళ్ళ వైపు చూశాడు, మా వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"చూసినారా? నా టెంకాయ ఎప్పుడూ తప్పదు!"

మర్నాడే మస్తాన్ అన్న దగ్గరికి పోయి ఆ వంకాయ రంగు పీకించి, కాకరకాయ తోలు వేయించుకున్నాను. ఆయన కుడుతున్నంత సేపూ నవ్వుతూనే ఉన్నాడు. కానీ ఆలోగా వార్త ఊళ్ళు దాటిపోయింది. వారం తిరక్కుండానే పక్క ఊరి నర్సింహులు మామ మా ఇంటికి వచ్చాడు.

"శీనా, మా చేన్లో గూడా ఒకసారి తాతను పడేసి పోప్పా. రెండు సాళ్ళు దున్నిపిచ్చినా. మెత్తగుంటాది, దెబ్బ తగలదు."

ఆయన వెనక ఇంకో ఇద్దరు, ఆ ఇద్దరి వెనక సాక్షాత్తూ ఓబులయ్య తాత! నన్ను తిట్టడానికే వచ్చాడని తలుపు వెనక దాక్కున్నాను. ఆయన తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

"ఏమిరా అబ్బోడా, ఆ సీటు మార్చినావంటనే? మళ్ళా అదే ఏపిచ్చు. కానీ ఈ తూరి పడేసే ముందర ఒక మాట చెప్పి పడేయ్."

అందువల్ల ఇంటిల్లిపాదీ వింటుండగా, తడి మట్టి చేతిలో పట్టుకుని ప్రమాణం చేశాను: ఇక జన్మలో సీటు కవరును కళ్ళతో చూసి ఎంచుకోను, కూర్చుని చూసి ఎంచుకుంటాను. కూర్చోవడం నేర్చుకుంటాను. తలకు పెట్టుకునే నూనె తలకే పెడతాను. టెంకాయ పట్టుకున్న మనిషిని, అందులోనూ మాట్లాడని మనిషిని, నా బండి వెనక ఎక్కించుకోను గాక ఎక్కించుకోను.

నాయన అంతా శ్రద్ధగా విన్నాడు. విని, తోట వైపు చూస్తూ అన్నాడు:

"మంచిదే గానీ, మనం ఇంగొక బోరు ఏసేదాకా ఆగి చేయరా ఆ ప్రమాణం."