మెట్లు పీకించినవాడి తల్లి

లిఫీ నదికి ఉత్తరాన, మా మల్‌గ్రీన్ వీధిలో డీలియా కలినన్‌ని ఎరగనివాళ్ళు లేరు. వీధిలో సగంమంది ఆమె చేతుల్లోకి పుట్టినవాళ్ళే. పోయినవాళ్ళలో చాలామందికి ఆఖరి స్నానం చేయించిందీ ఆమే. జ్వరాల రోజుల్లో డాక్టరు గడప తొక్కని ఇళ్ళల్లోకి తానొక్కతే వెళ్ళానని చెప్పుకునేది. అది నిజం కూడా. ఒక పాదిరీ గారి చనిపోయిన తల్లిని ముస్తాబు చేస్తే, ఆయన లోపలికొచ్చి, ఆమె నిద్ర చెడుతుందేమోనని గొంతు తగ్గించి మాట్లాడాడట.

ఆమె కాపురం తొమ్మిదో నంబరు ఇంటి పై అంతస్తులో. ఒకదాని గోడ ఒకటి పంచుకుని వీధి పొడవునా నిలబడ్డ ఇటుక ఇళ్ళలో అదొకటి. ఒకప్పుడు ప్రభువులు కట్టించుకున్నవి. తలుపు నెత్తిన అర్ధచంద్రం లాంటి అద్దం, గదుల లోకప్పుకి సున్నంతో తీర్చిన పిట్టలు, ద్రాక్షగుత్తులు. కిటికీలు మాత్రం పైకెళ్ళేకొద్దీ పొట్టివవుతాయి. వెలుగు కింద దొరలకి కావాలిగాని, పైన పడుకునే పనివాళ్ళకెందుకు? మా రోజులకి గదికో సంసారం చేరింది. పిట్టల ముక్కుల కింద తడిబట్టలు వేలాడేవి.

ఆ ఇంటి అందమంతా నడవలోంచి లేచిన పెద్ద మెట్లవరసలో ఉండేది. ఇంటి పెత్తనం చూసే ఫింటన్ రోచ్ దాన్ని పీకించి, ఆ ఖాళీలో అంతస్తుకో అద్దెగది వేయించాడు. జనానికి వెనకవైపు పనివాళ్ళ ఇరుకుమెట్లే మిగిలాయి. ఆ శీతాకాలమే డీలియా మొగుడు క్రిస్టీకి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఆసుపత్రివాళ్ళ స్ట్రెచర్ మలుపు తిరగలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, బెల్టులతో కట్టి దించబోయారు. కుర్చీ మలుపులో గోడకి ఇరుక్కుంది. వాళ్ళు దాన్ని లాగుతుండగానే క్రిస్టీ పోయాడు.

రోచ్ పరామర్శకొచ్చి, "ఏం చేస్తాం, పాత ఇల్లు," అన్నాడు.

"ఇల్లు పాతదే. పాపం కొత్తది," అంది డీలియా. ఆ రోజునుంచి కాచుకుని కూర్చుంది.

రోచ్ ఊరవతల తోట ఉన్న ఇంటికి మారాడు. తల్లి మాత్రం ఆ తొమ్మిదో నంబరు ఇంటి కింది గదిలోనే ఉండిపోయింది. ఈ వీధి వాసన కోడలికి గిట్టదు. ముసలమ్మకి దగ్గు పట్టుకున్న ఏడాది డీలియా కిందికి దిగి, "పైకి రండి మిసెస్ రోచ్. ఇక్కడ చెమ్మ. నా గదిలో పొయ్యి ఆరదు," అంది. కాళ్ళలో ఇంకా సత్తువ ఉండగానే, చెయ్యి పట్టుకుని ఆ ఇరుకుమెట్లు ఎక్కించింది. చలికాలమంతా సాసేజీ, బంగాళాదుంపలు ఉడికించిన పులుసు తినిపించింది, తల దువ్వింది. వీధివాళ్ళు దేవత అన్నారు. డీలియా కాదనలేదు.

ఒక మధ్యాహ్నం ముసలమ్మ అంది: "నన్నెందుకు పైకి తెచ్చావో నాకు తెలుసే పిల్లా."

దువ్వెన ఆగింది. "తెలిసీ ఎందుకొచ్చారు?"

"కింద చలి. పైగా చెవి మెలిపెట్టాల్సిన వయసులో మా ఫింటన్‌ని ముద్దు చేశాను. దువ్వు, ఆగావేం?"

వసంతం రాగానే ముసలమ్మ కన్నుమూసింది. డీలియా స్నానం చేయించి, గోధుమరంగు అంగీ తొడిగి, వేళ్ళకి జపమాల చుట్టింది. మా ఆచారం ప్రకారం గోడలకి తెల్లదుప్పట్లు కట్టింది, గడియారం ఆపింది, చూడ్డానికొచ్చేవాళ్ళకి పళ్ళెంలో నశ్యం పెట్టింది. శవపెట్టె మోసుకొచ్చినవాళ్ళు మెట్ల మలుపు దగ్గర ఆగిపోయారు. రోచ్ ఒక్కడే రొప్పుతూ పైకొచ్చాడు.

"దుప్పట్లో చుట్టి కిందికి దించుదాం."

"ముస్తాబు చేసిన మనిషిని పెట్టెలోకి తప్ప కదపరు. ఈ వీధిలో పుట్టినవాడివి, నీకు చెప్పాలా?"

"పోనీ, కుర్చీలో..."

పరామర్శకొచ్చి టీ తాగుతున్న ఆడవాళ్ళు కప్పులు దించారు.

"కుర్చీ సంగతి నాకు తెలుసు నాయనా," అంది డీలియా. "మీ అమ్మని ఆ మలుపుకి అప్పగించను. కిటికీ ఉందిగా."

"అందులో పిల్లి కూడా పట్టదు."

"చట్రం పీకించు. పీకించడం నీకు చేతనైన పనేగా."

వడ్రంగి వచ్చి చట్రం ఊడదీశాడు. ఖాళీ పెట్టెని తాళ్ళతో పైకి లాగి, ముసలమ్మని అందులో పడుకోబెట్టి, మూతేసి మళ్ళీ కిటికీలోంచి వదిలారు. వీధి వీధంతా టోపీలు తీసి నిలబడింది. ప్రతి కిటికీలో తలకాయలే. చేపలమ్మే విన్నీ గొంతెత్తి, "ఏం ఫింటన్, మీ ఇంటి మెట్లు మీ అమ్మకి నచ్చలేదా?" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు. అది నవ్వడం కన్నా ఘోరంగా ఉంది.

కింద వానజల్లులో రోచ్ రెండు చేతులూ పైకి చాపి, "నెమ్మదిగా దించండి," అని బతిమాలాడు.

"ఇంకా నెమ్మదిగా," అంది డీలియా తాడు పట్టుకున్నవాళ్ళతో.

పెట్టె రెండో అంతస్తు దాటింది. "ఆపండి," అంది. ఆపారు. పెట్టె గాలికి ఊగింది. రోచ్ తలెత్తి, పైన కిటికీలో నిలబడ్డ ఆమె మొహంలో జాలి కోసం వెతికాడు. అతని చూపు తన మీద నిలిచేదాకా ఆగి, అప్పుడు డీలియా చెప్పింది:

"ఇక దించండి."