చొక్కా లేని ప్రేతానికి మైకు

ఆ సాయంత్రం అయిజ బడి మైదానంలో ఉన్నవి ఇవి. బల్లలు కలిపి కట్టిన స్టేజీ ఒకటి. గుంజలకు కట్టిన హారన్లు నాలుగు, నాలుగూ నోళ్ళు తెరిచే ఉన్నాయి. ఆంప్లిఫయరు ఒకటి. హార్మోనియం ఒకటి, దాని వెనక నాటక సమాజం పెద్ద తిమ్మప్ప. గోనెపట్టాల మీద మూడువందల పన్నెండుమంది జనం, చంకలో పిల్లల్ని కూడా కలుపుకొని. రోడ్డు అవతల శరణమ్మ చాయ్ హోటల్లో పాడుతున్న రేడియో ఒకటి. గోచీ ఒకటి, ఆ గోచీలో మా మద్దిలేటి మామ. ఆఖరున ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఫస్టుక్లాసులో పాసై నెల తిరగని నేను.

ఈ జాబితాలో ప్రమాదకరమైన వస్తువు ఏదో మీరు ఈపాటికి కనిపెట్టే ఉంటారు. కరెంటుతో నడిచేది మాత్రం కాదు.

మద్దిలేటి మామ మా అమ్మకు వరసకు అన్న. ముప్పై ఏళ్ళుగా ఆయన వేసేది ఒకటే వేషం, ప్రేతం. చచ్చిపోయిన తండ్రి శాంతి లేక శ్మశానం నుంచి లేచి వచ్చి కొడుకును నీళ్ళడిగే నాటకం అది. ప్రేతం స్టేజీ మీద పుట్టదు. జనం వెనక నుంచి, చేల వైపు నుంచి వస్తుంది. జనం మధ్యలో తిరుగుతూ ఆరుసార్లు కేక వేస్తుంది. "కొడుకా, దూపైతుందిరా, గుక్కెడు నీళ్ళు పొయ్యి" అని. ఏడుసార్లు కాదు, అయిదుసార్లు కాదు. ఆరో కేక అయ్యాక స్టేజీ ఎక్కితే కొడుకు వేషగాడు చెంబుతో నీళ్ళు పోస్తాడు.

మా దగ్గర దీనికొక కట్టడి ఉంది. ప్రేతం జనంలో తిరుగుతున్నంతసేపూ ఎవరూ లేవకూడదు, పలకకూడదు. పలికినవాడి వెంట అది ఇంటిదాకా వస్తుందని నమ్మకం. పిల్లలు ఏడ్వబోతే తల్లులు నోరు మూసేవాళ్ళు. అంత నిశ్శబ్దం కాబట్టే ఏ మైకూ లేకుండా మామ గొంతు ఆఖరి వరసదాకా వెళ్ళేది.

ఆ ఏడు ఆయన గొంతుకు కర్నూలు దవాఖానాలో ఆపరేషన్ అయింది. నాటకానికి వారం ముందు మా ఇంటికొచ్చి నన్ను పెరట్లోకి పిలిచాడు.

"అల్లుడా, నా గొంతు సగం పోయిందిర. తిమ్మప్ప ఏమన్నడో తెల్సా? ఈసారి ఎనక వరసకు ఇనపడకపోతే ప్రేతం వేషం తన అల్లుడు విరూపాక్షికి ఇస్త అన్నడు."

"మైకు పెట్టుకో మామా."

"ప్రేతం మైకు పట్టుకొని తిరుగుతదా? పాటల పోటీకి వచ్చిందా అది?"

"చేతిలో పట్టుకునేది కాదు. ఒంటి మీద దాచేది. తీగ లేకుండా పనిచేసేది నేను చేస్త."

మామ కళ్ళు మెరిశాయి. వెంటనే అనుమానంతో చిన్నవయ్యాయి. "ఎవ్వరికీ తెల్వద్దు. తెలిస్తే ముప్పై ఏండ్ల పేరు పోతది. సచ్చినోనికి కరెంటు ఇచ్చి నడిపిస్తున్నరంటరు."

చేశాను. అగ్గిపెట్టెంత డబ్బా, ఒక బ్యాటరీ, గొలుసంత సన్నని ఏరియల్ తీగ. మైకులో మాట రేడియో అలగా పోతే, ఆంప్లిఫయరుకు తగిలించిన నా చిన్న రేడియో పట్టుకుంటుంది. పద్ధతి ప్రకారం పరీక్షించాను. స్టూలు మీద పెట్టి ఒకసారి, గోడ మీద పెట్టి ఒకసారి, చొక్కా జేబులో పెట్టుకొని మైదానమంతా తిరిగి మూడుసార్లు. అన్నీ పాస్. నోట్‌బుక్కులో టిక్కులు పెట్టాను. టిక్కు పెట్టినప్పుడు కలిగే ఆనందం ఇంజనీరును పాడుచేసినంతగా మరేదీ పాడుచెయ్యదు.

నాటకం రోజు, ఏడింటికి కరెంటు పోతుందని నాలుగున్నరకే మొదలుపెట్టారు. ప్రహరీ గోడ వెనక మామ వేషంలో నిలబడ్డాడు. గోచీ, మొలతాడు, జనపనార గడ్డం, తల నుంచి పాదాలదాకా తడి బూడిద. నేను చేతిలో డబ్బా పట్టుకొని ఆయన చుట్టూ రెండుసార్లు తిరిగాను. దాచడానికి మనిషి మీద చోటే లేదు. ఛాతీకి అంటించిన టేపు బూడిదతో సహా జారి పాదాల మీద పడింది.

"గోచీలో పెడదామా మామా?"

"అండ్ల ఇప్పటికే ఉండాల్సినోళ్ళు ఉన్నరు. ఇంకొకరికి జాగ లేదు."

చివరికి మైకు గడ్డంలో, డబ్బా వెనక మొలతాడుకు. ఏరియల్ వెన్నుపూస మీదుగా మెడదాకా, పైన బూడిద పూత. రెండడుగుల దూరం నుంచి చూస్తే ఏమీ కనపడలేదు. నా కళాఖండాన్ని నేనే మెచ్చుకున్నాను.

నాటకం సగానికి వచ్చింది. సూర్యుడు చేలలోకి దిగుతున్నాడు. పడమటి నుంచి ఎర్రమట్టి గాలి లేచింది. తిమ్మప్ప హార్మోనియం ఆపాడు. మనిషి కనపడకముందే ఊపిరి వచ్చింది. నాలుగు హారన్లలోంచి, నాలుగు మూలల నుంచి ఒకే ఊపిరి, తడిగా, మెల్లగా. ఇంతమంది ఒక్కసారి భుజాలు ముడుచుకోవడం నేను అంతకుముందు చూడలేదు. "నేను మట్టిల కలిసి ఎన్నొద్దులాయె" అని మామ గొణిగితే ఆ గొణుగుడు ఒక్కొక్కరి చెవి పక్కనే పుట్టినట్టు వినిపించింది. తిమ్మప్ప నోరు తెరుచుకుంది. స్టేజీ మీద చెంబుతో నిలబడ్డ కొడుకు వేషగాడు విరూపాక్షే.

నేను నోట్‌బుక్కు తీసి ఆఖరి టిక్కు పెట్టబోయాను.

మామ జనం మధ్యలోకి వచ్చాడు. నోరు తెరిచాడు, పెదవులు కదిలాయి. హారన్లలో ఒక ఖర్‌ర్, ఆ తర్వాత ఏమీ లేదు.

అప్పుడు అందరి వీపుల వెనక నుంచి, రోడ్డు అవతలి నుంచి వచ్చింది ఆ గొంతు. "కొడుకా... దూపైతుందిరా..."

మీకు విషయం చెప్పేస్తాను, అప్పుడు నాకు తెలియక చచ్చాను. నేను పరీక్షించింది చొక్కా మీద. మామకు చొక్కా లేదు. డబ్బా, ఏరియల్ నేరుగా చర్మాన్ని, తడి బూడిదను అంటుకొని ఉన్నాయి, నడిచేకొద్దీ చెమట కూడా పట్టింది. మనిషి ఒళ్ళు కూడా ఏరియల్లో భాగమై స్టేషను జరిగిపోయింది. జరిగి జరిగి సరిగ్గా శరణమ్మ హోటల్ రేడియోలో పాటలు వచ్చే చోట కూర్చుంది.

జనానికి ఇదేమీ తెలియదు. వాళ్ళకు కనపడేది ముందర పెదవులాడిస్తున్న బూడిద మనిషి. వినపడేది వెనక నుంచి గొంతు. తిరిగి చూడాలని ఉంది, భయం. లేవాలని ఉంది, కట్టడి. రెండో కేక. మూడో కేక. ఒక ముసలాయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ముందు వరసలో ఎవరిదో గోనెపట్టా తడిసింది.

నేను ఆంప్లిఫయరు కింద దూరి రేడియో మర తిప్పుతున్నాను. హారన్లు కుయ్యోమని ఊళలు పెట్టాయి. నాలుగో కేక, అయిదో కేక, ఆరో కేక. మామ హారన్ల వైపు చూస్తూ, ఇక తన పని అయిపోయిందనుకొని, చెయ్యి వెనక్కి పెట్టి ఏదో లాగడం కనపడింది. హారన్ల ఊళ మాత్రం ఆగలేదు.

సరిగ్గా అప్పుడే రోడ్డు దాటుకొని ఒక ఆకారం వచ్చింది. చేతిలో ఇత్తడి చెంబు. శరణమ్మ. రాయచూరు వైపు నుంచి వచ్చి ఆరునెలలు కాలేదు, మా కట్టడి ఆమెకు తెలియదు.

"యారప్పా అది? అప్పట్నించి దూప దూప అని పానం తీస్తున్నరు. ఇంతమంది కూసున్నరు, ఒక్కరికీ నీళ్ళియ్యనీకి చేతులు లేవా?"

ప్రేతానికి జవాబు వచ్చింది!

మూడువందల పన్నెండుమందిలో మూడువందల పదిమంది ఎటు పోయారో నేను లెక్కగట్టలేను. మిగిలిన ఇద్దరు నిద్రపోతున్న పిల్లలు, తర్వాత తల్లులు వచ్చి తీసుకెళ్ళారు. విరూపాక్షి స్టేజీ మీద నుంచి చెంబుతో సహా దూకాడు. తిమ్మప్ప హార్మోనియాన్ని ఛాతీకి ఢాలులా పట్టుకొని వెనక్కి వెనక్కి నడిచాడు. ఖాళీ మైదానం మధ్యలో శరణమ్మ మామ ముందు నిలబడి చెంబు అందించింది. మామ గడ్డం పైకెత్తి గటగటా తాగాడు.

"అన్నా, బట్టలు లేవా నీకు?" అంది ఆమె, తల పక్కకు తిప్పుకొని.

మర్నాడు తీర్పు చెప్పడానికి తిమ్మప్ప వచ్చాడు. నేను మామ వెనక నిలబడి నేరం ఒప్పుకోవడానికి తయారయ్యాను.

"మద్దిలేటన్నా, ఈ వేషం నీదే. విరూపాక్షికి రాత్రంతా జరం. 'నేనెయ్య మామా, ముట్ట కూడా ముట్ట' అంటుండు. ఒక్క మాట చెప్పు, గొంతు రోడ్డు అవతల్నించి ఎట్ల తెచ్చినవు?"

మామ నా వైపు చూడకుండా మీసం సర్దుకున్నాడు. "ముప్పై ఏండ్ల సాధన తిమ్మప్పా."

తిమ్మప్ప వెళ్ళాక డబ్బా నా చేతిలో పెట్టాడు. బ్యాటరీ తీగ తెగి ఉంది. "ఆరో కేక కాంగనే పీకి పారేసిన. నీ మైకుకో దండం అల్లుడా."

కనీసం శరణమ్మకైనా నిజం చెబుదామని హోటల్‌కు వెళ్ళాను. అంతా విని ఆమె చాయ్ వడపోస్తూ నవ్వింది.

"రేడియోల నాటకం అనే నేనూ అనుకున్న. ఆరుసార్లు లేవలే, మోకాళ్ళ నొప్పి. ఏడోసారి 'అమ్మా, దూప' అన్నడు. అట్లంటే ఎట్ల కూసుంట?"

"ఏడోసారి లేదు. 'కొడుకా' అనే ఉంటది, 'అమ్మా' అని నాటకంలోనే లేదు."

"లెక్క నీకే వస్తదా? లేచింది నేను."

రేడియో వైపు చూశాను. మామూలుగా పాటలే వస్తున్నాయి. చాయ్ తాగకుండానే వచ్చేశాను.

కాబట్టి పాఠకులారా, మా అమ్మ మీద, నా డిప్లొమా మీద, ఆంప్లిఫయరు ఫ్యూజు మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఒంటి మీద చొక్కా లేని ఏ మనిషికీ, బతికున్నా సరే, చచ్చినా సరే, ఈ జన్మలో మైకు కట్టను. నోట్‌బుక్కులో ఆ రోజు లెక్క మాత్రం ఇప్పటికీ సరిపోలేదు. మామ వేసిన కేకలు ఆరు. శరణమ్మ విన్నవి ఏడు.