రెండు పట్నాలు

ఈ ఉదయం యూనివర్సిటీలోంచి తార్నాక వైపు నడిచి వస్తుంటే ఒక ఇంటి ముందు షామియానా కింద మల్లన్న పూజకు పట్నం ముగ్గు వేస్తున్నారు. పసుపు వాసనకు ఆగిపోయాను.

మన ఊళ్లలో హైదరాబాదును హైదరాబాదని ఎవరు పిలిచారు? పట్నమే కదా. మల్లన్న ముగ్గుదీ అదే పేరు. నాకు ఆరేళ్లప్పుడు జబ్బుపడ్డ మా నాన్నను, బాపును, పట్నం దవాఖానకు తీసుకుపోయారు. వారమైనా కబురు లేదు. అప్పుడే పక్కింట్లో పట్నం వేశారు. ఆ పసుపు, కుంకుమ గీతలు నాకు వీధుల్లా కనిపించాయి.

"నాయనమ్మా, గిండ్ల దవాఖాన ఏడున్నది?"

"సప్పుడు చెయ్యకు. ముగ్గు తొక్కుతవు, ఇటు రా."

పూజ అయ్యాక పట్నాన్ని తొక్కి చెరపడం ఆనవాయితీ. మల్లన్న కొలుపు చేసే ఒగ్గు పూజారి కాలెత్తాడు.

"తొక్కకు! గండ్ల మా బాపున్నడు!" అని అరిచాను.

డోలు ఆగింది. కొందరు నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. నా నోరు మూసి దగ్గరకు లాక్కుంది. పూజారి ఆమె వంక చూసి, తొక్కాడు.

నాలుగో రోజు బాపు బస్సు దిగాడు.

ముప్పై ఏళ్లుగా నేనూ పట్నంలోనే ఉంటున్నాను. ఇవాళ మాత్రం పూజారి కాలెత్తకముందే అక్కణ్ణుంచి వచ్చేశాను.