కుళ్లని ఉసిరికాయలు

వారాల తరబడి కుళ్లని పండు ఎదురుపడితే మీరేం చేస్తారు? దండం పెడతారా, గోటితో గీకి చూస్తారా?

మొన్న విశాఖలో ఒక హోటల్ బల్ల మీది ప్లాస్టిక్ ద్రాక్షగుత్తిని నేను గీకి చూశాను. వెంటనే నర్సీపట్నంలో మా పెద్దమ్మ ఇల్లు, ఆ ఇంటి డెట్టాల్ వాసన, అద్దాల బీరువాలోని ఫ్రెంచి పళ్లెం గుర్తొచ్చాయి. పెద్దమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. స్వదేశం వెళ్లిపోతూ ఒక ఫ్రెంచి దొరసాని ఆమెకిచ్చిన పళ్లెమది. మట్టితో చేసి, తగరం కలిపిన తెల్లపూత పూసి కాల్చిన పళ్లెం. దాని మీద అచ్చం ఉసిరికాయల్లాంటి కాయలు, అవీ మట్టివే, అతికించి ఉండేవి. ఒకదానికి పురుగు తొలిచిన చిల్లు కూడా పెట్టాడు ఆ కుమ్మరి మహానుభావుడు. చిన్నప్పుడు నేనొకటి కొరికి పన్ను నొప్పి తెచ్చుకున్నాను. ప్రతి శనివారం పెద్దమ్మ దాన్ని పసిపిల్లకు నీళ్లు పోసినట్టు కడిగి తుడిచేది. ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు.

తొంభైల చివర్లో ఒక ఏడాది, కోత పండుగకు చర్చిలో బల్ల నిండుగా కనిపించాలని పాస్టరుగారు అడిగితే, పెద్దమ్మ మొహమాటపడి ఆ పళ్లెం ఇచ్చి, కూతురి కాన్పుకని కాకినాడ వెళ్లింది. అందరూ తెచ్చిన ఆనపకాయలు, అరటి గెలలు వేలంలో వెళ్లిపోయాయి. పళ్లెం బల్ల మీదే ఉండిపోయింది. కాయలు వాడిపోలేదు. వాడిపోలేదు కాబట్టి అవి మహిమ గల కాయలయ్యాయి. మూడు వారాలకు పెద్దమ్మ తిరిగొచ్చి, పళ్లెం కోసం నన్ను వెంటబెట్టుకుని చర్చికి వెళ్లేసరికి, కొయ్యూరు నుంచి వచ్చిన ఒక తల్లి, ఒళ్లు కాలిపోతున్న పిల్ల చేతిని ఆ కాయలకు ఆనిస్తోంది.

“సలిజొరమే అది. ఆసుపత్రికి తీసుకుపోలేదేటి?” అంది పెద్దమ్మ.

“ఈ కాయలు ముట్టిత్తే సాలన్నారమ్మా.”

“అవి కాయలు కావే. మట్టి.”

“మట్టయితే అంత మెరుపేటండి?”

సంఘపెద్ద అడ్డొచ్చాడు. “నర్సమ్మగారూ, నమ్ముకున్నోళ్లని సెడగొట్టకండి.”

“నమ్మకం దీని జొరం దించుతాదేటండి?”

పెద్దమ్మ ఇక వాదించలేదు. బల్ల మీది ఇత్తడి గంట తీసి ఆ కాయల మీద ఒక్క దెబ్బ వేసింది. కాయ చిట్లి, లోపలి ఇటుకరంగు మట్టి రాలింది. పళ్లెం రెండు ముక్కలైంది. ఆ తల్లి పెంకును తిప్పి తిప్పి చూసి, పిల్లను భుజాన వేసుకుంది. “బేగి పద,” అంటూ పెద్దమ్మ ఆటోలో ఆమె పక్కనే కూర్చుని ఆసుపత్రికి వెళ్లింది.

పిల్ల బతికింది. పళ్లెం పోయిందని పెద్దమ్మ ఎన్నడూ అనలేదు. శనివారాలు మాత్రం తోచక ఇల్లంతా తిరిగేది. ఆ పెంకులనూ ఎవరో కొంగున ముడేసుకుపోయారని తర్వాత తెలిసింది. నమ్మకాలు అరగడానికి తరాలు పడతాయి. జ్వరం అన్నాళ్లు ఆగదు. మీ వీధిలో ఎవరైనా జ్వరం పిల్లను మహిమల దగ్గరికి మోసుకెళ్తుంటే, వాదన తర్వాత పెట్టుకోండి. ముందు ఆటో ఎక్కించండి.